పదకొండో లైను

"ఓబయ్య తెల్లారి ఐదింటికే ల్యాబులో ఉంటాడా పాపా?"

జిలాని అడిగిన ఈ ప్రశ్నకు గదిలో అందరూ తలెత్తి చూశారు. ఆ సమయంలో ఓబయ్య ఊసు ఎవరి తలలోనూ లేదు. నల్లరేగడి సీడ్స్ వారి నంద్యాల ఆఫీసులో గోడగడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికి పోలీసులు వస్తారు. ఆలోపు తప్పు మరొకరిదని తేలకపోతే, ఎదుట కుర్చీ అంచున కూర్చున్న అనితను వెంట తీసుకుపోతారు.

అనితకు ఇరవై ఆరేళ్లు. కంపెనీ వెబ్‌సైటు రాసిందీ, దాన్ని కనిపెట్టుకుని ఉండేదీ ఆమే. తల్లి బాలమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పాతికేళ్లు ఊడ్చింది. అదే ఎక్స్ఛేంజిలో లైన్‌మన్‌గా చేసి, ముందుగా రిటైరై, ఇప్పుడు చిన్న చిన్న విచారణలు చేసిపెడుతున్న జిలానిని నిన్న సాయంత్రం వెతుక్కుంటూ వచ్చింది. "అన్నా, నా బిడ్డ అట్లాంటిది కాదు" అని ఒక్క మాట చెప్పి గుమ్మంలో కూర్చుంది. తల్లి మాట సాక్ష్యం కాదని జిలానికి తెలుసు. అయినా తెల్లవారి నమాజులో ఆ మాటే రెండుసార్లు అడ్డం వచ్చింది.

జరిగింది ఇది. శనగ విత్తనాల్లో 217వ లాటుకు ఆళ్లగడ్డ ల్యాబులో మొలక పరీక్ష పెట్టారు. వంద గింజలకు అరవై ఒకటే మొలిచాయని, ల్యాబు చూసుకునే ఓబయ్య సోమవారం కంప్యూటర్లో ఎక్కించాడు. ఎనభై ఐదు రాని లాటును రైతు చేతికి ఇవ్వకూడదు. బుధవారం కంపెనీ యజమానురాలు గోవిందమ్మ చూసేసరికి ఆ అరవై ఒకటి కాస్తా తొంభై ఒకటయింది. ఆమె కర్నూలు నుంచి అజయ్ కుమార్‌ను పిలిపించింది. కంప్యూటర్ నేరాలను పరిశోధించడం అతని వృత్తి. ఒక్క రోజులో రిపోర్టు చేతిలో పెట్టాడు. అంకె మారింది మంగళవారం ఉదయం ఐదూ పన్నెండుకు. ఆ వేళప్పుడు డేటాబేసుకు కలిసి ఉన్నది ఒక్క అనిత ఇంటి లైనే. అనిత కూడా కాదనలేదు. రోజూ ఐదింటికి లేచి, ఎవరూ వాడని వేళ చూసి, డేటాబేసుకు నకలు తీసి దాచడం ఆమె అలవాటు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ అలవాటే ఇప్పుడు ఆమె మెడకు చుట్టుకుంది.

"మీరు ప్రశ్నించాల్సింది ఈ అమ్మాయిని, జిలాని గారూ. ఓబయ్య టైంటేబుల్ మనకెందుకు?" అన్నాడు అజయ్ కుమార్.

"నేను పది చదివినోడ్ని సారూ. అర్థమయ్యేదాకా అడుగుతాంటా. విసుక్కోవద్దు."

జిలాని ముందున్న కాగితాలు అజయ్ రిపోర్టుకు వెనక జోడించినవి. రెండు నెలలుగా ల్యాబు నుంచి ఎక్కిన ప్రతి లెక్కా, దాని పక్కన తేదీ, సమయం. అరగంట నుంచి అతను వాటిని చూపుడువేలితో ఒక్కో వరుసే తడుముకుంటూ వస్తున్నాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఇదో చూడు పాపా. ఆగస్టులో ఓబయ్య ఎక్కించినవన్నీ పదిన్నర, పదీ ముప్పావు, పదకొండు. సెప్టెంబరు ఇరవై ఎనిమిది దాకా ఇంతే. ఆ మర్నాటి నుంచి ఐదు, ఐదుంబావు, ఐదున్నర. కిటికీలో ఎండ పడితే గాని గింజ లెక్కపెట్టని మనిషంటివి గదా. ఉన్నట్టుండి కోడి కూయకముందే లేస్తాండాడా?"

అనిత కాగితం అందుకుంది. ఒక్కో తేదీ మీద వేలు ఆనిస్తూ కిందిదాకా పోయింది.

"ఈ కాగితం నాకెవ్వరూ చూపించలేదు మామా" అంది.

ఆమె చెప్పింది విని గోవిందమ్మ కూడా కుర్చీ ముందుకు జరుపుకుంది. మూడు వారాల క్రితం దాకా డేటాబేసు ఈ ఆఫీసు మేడమీది కంప్యూటర్లోనే ఉండేది. సెప్టెంబరు ఇరవై ఎనిమిది ఆదివారంనాడు అనిత దాన్ని బయట అద్దెకు తీసుకున్న యంత్రం మీదికి మార్చింది. ఆ యంత్రం గడియారం మన టైము చూపదు. ప్రపంచమంతా ఒప్పుకున్న టైము చూపుతుంది. అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. వెబ్‌సైటులో చూసేవాళ్లకు ఆ ఐదున్నర గంటలు కలిపి చూపమని ఆమె ప్రోగ్రాములో రాసింది. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తేడా కనిపించలేదు. అజయ్ కుమార్ వెబ్‌సైటు చూడలేదు. నేరుగా డేటాబేసు పట్టికలో చూశాడు.

"అట్లయితే ఐదూ పన్నెండంటే..." అంది గోవిందమ్మ.

"పదీ నలభై రెండమ్మా. ఎండపొద్దు" అన్నాడు జిలాని. ట్రంకు కాల్సు బుక్ చేసిన రోజుల్లో లండన్ టైముకు ఐదున్నర కలపడం అతనికి నిద్రలో కూడా వచ్చేది.

మంగళవారం ఆ వేళకు యాడుంటివని అడిగితే, ల్యాబులో ప్రింటరు చెడిందంటే ఆళ్లగడ్డ బస్సెక్కానని చెప్పింది అనిత. సాక్ష్యం బయట మెట్ల మీద కూర్చుని ఉంది. బాలమ్మ చేతిసంచీలోంచి బైబిలు తీసి, పేజీల మధ్య నుంచి అనిత తెచ్చిన బస్సు టికెట్టు లాగింది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణానికిచ్చే సున్నా రూపాయల టికెట్టు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, మంగళవారం, పదీ ఐదు. అచ్చు కాస్త వెలిసినా చదవడానికి వస్తోంది.

"సదువు రాని దాన్నప్పా. సర్కారు కాగితం పారేసేకి చెయ్యి రాదు" అంది బాలమ్మ, తప్పు చేసినదానిలా.

అజయ్ కుమార్ టికెట్టు వైపు చూసి నవ్వాడు. నవ్వాడే గాని అతని చెవులు ఎర్రబడ్డాయి.

"టైము విషయం నేను చూసుకోవాల్సింది. ఒప్పుకుంటున్నాను. కానీ బస్సులో కూర్చుని ఫోన్లోంచి మార్చలేదని టికెట్టు చెబుతుందా? అంకె మార్చినవాళ్లు వెబ్‌సైటు ద్వారా రాలేదు. అలా వస్తే వాళ్ల పేరు నమోదయ్యేది. నేరుగా డేటాబేసులోకి వెళ్లారు. దానికి తాళంచెవి కావాలి. ఆ తాళంచెవి ఈమె దగ్గర తప్ప ఎవరి దగ్గర ఉంది? మీరు స్తంభాలెక్కిన మనిషి, లైన్‌మన్ గారూ. ఇది తీగలు కలిపే పని కాదు."

మాట గుచ్చుకుంది. కానీ అందులో న్యాయమైన ముక్క కూడా ఉంది. కోపంతో ఆ ముక్కను పారేసుకోవడం జిలానికి ఇష్టం లేదు. "తీగలు కలిపే పనేనేమో సారూ. ఏందో యాడ కలుస్తాందో చెప్పు పాపా, వినుకుంటాం" అని అనిత వైపు తిరిగాడు.

అనిత తేలిక మాటల్లోనే చెప్పింది. వెబ్‌సైటు ప్రోగ్రాము ఎక్స్‌ప్రెస్ అనే చట్రం మీద జావాస్క్రిప్టులో రాసింది. అది అద్దె యంత్రంలోనే నడుస్తూ, ఎవరు ఏ పేజీ అడిగినా అందిస్తుంది. కానీ దానికి సొంత జ్ఞాపకం ఉండదు. లాట్లు, లెక్కలు, పేర్లు అన్నీ డేటాబేసులో అడ్డం నిలువు పట్టికలుగా ఉంటాయి. ప్రోగ్రాము వాటిని అందుకోవాలంటే లైను కలపాలి. లైనుకు నాలుగు సంగతులు కావాలి. డేటాబేసు ఉన్న చిరునామా, లోపలికి పోయే పేరు, పాస్‌వర్డు, ఏ డేటాబేసన్నది. ఆ నాలుగూ ఒక చిన్న ఫైల్లో రాసి ఉంటాయి. ఎవరో అడిగిన ప్రతిసారీ కొత్త లైను కలిపితే ఆలస్యమని పది లైన్లు ఎప్పుడూ కలిపే ఉంచుతారు. పదీ పనిలో ఉంటే పదకొండోవాడు కాసుకోవాలి.

"ఎక్స్ఛేంజిలో ఊరికీ ఊరికీ మధ్యనుండే జంక్షన్ లైన్లు ఇట్లే ఉంటాయి" అన్నాడు జిలాని. అతనికి ఒక్కసారిగా తన చోటికి తాను వచ్చినట్టయింది. "అయితే ల్యాబులోవాళ్లు పేజీ తెరిస్తే వాళ్ల లైను వెబ్‌సైటుకే గాని డేటాబేసుకు నేరుగా పోదు. అంతేనా?"

"అంతే."

జిలాని రిపోర్టులో చివరి పేజీ తీసి బల్ల మీద పెట్టాడు. అది యంత్రాన్ని అద్దెకిచ్చినవాళ్లు పంపిన చిట్టా. మంగళవారంనాడు డేటాబేసు తలుపు దగ్గరికి బయటి నుంచి ఎవరెవరు నేరుగా వచ్చారో ఉంది. దీంట్లో టైము మన టైమే. ఐదు నుంచి ఐదూ నలభై దాకా అనిత ఇల్లు. దాని కింద ఇంకొక వరుస. పదీ ముప్పై ఎనిమిది నుంచి పదీ నలభై నాలుగు. చిరునామా ఆళ్లగడ్డ ల్యాబుది.

అజయ్ ఆ వరుస చూడకపోలేదు. పనివేళల్లో ల్యాబు పేరు కనిపించడం మామూలేననుకుని వదిలేశాడు.

"ల్యాబు నుంచి నేరుగా రాకూడదంటాంది గదా సారూ. మరి ఎట్లొచ్చిరి?"

అజయ్ చిట్టా మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. అనిత చెప్పింది, తల దించుకుని. ఆళ్లగడ్డలో నెట్టు సరిగా ఉండని రోజుల్లో ప్రోగ్రాము నకలొకటి ల్యాబు కంప్యూటర్లోనే పెట్టింది. డేటాబేసు మార్చిన మర్నాడు, అక్కడి నుంచి కొత్త యంత్రానికి లైను కలుస్తోందో లేదో చూడటానికి, ఆ నకలు ఫైల్లో కొత్త చిరునామా, కొత్త పాస్‌వర్డు రాసి చూసింది. కలిసింది. సాయంత్రం బస్సు తప్పిపోతుందని ఆ ఫైలు తుడపకుండానే లేచి వచ్చేసింది.

"తాళంచెవి తలుపుకే పెట్టి వచ్చినా మామా. అది నా తప్పే. ఇంతమంది ముందర ఒప్పుకుంటాండా."

తప్పు ఒప్పుకున్నవాడి మొహం వేరు, పట్టుబడ్డవాడి మొహం వేరు. ముప్పై ఏళ్లుగా జిలాని రెండూ చూశాడు. అయినా మొహం చూసి తీర్పు చెప్పే పని మనిషిది కాదు కదా అనుకున్నాడు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. మనిషి చేతనయింది వెతకడమే.

ఉదయం అనిత చెప్పిన ఇంకొక సంగతి అతనికి ముఖ్యంగా కనిపించింది, అదే ఇప్పుడు అందరికీ చెప్పాడు. ఓబయ్యకు కంప్యూటరు మీద నమ్మకం లేదు. పరీక్ష పెట్టిన రోజే ప్రతి లాటులోంచీ ఇంకొక వంద గింజలు తీసి, ల్యాబు వెనక వరుసగా సాలుపోసి విత్తుతాడు. సాలు మొదట్లో కొలిమిగుండ్ల నాపరాయి ముక్క నిలబెట్టి రంగుతో లాటు నంబరు వేస్తాడు. వాటిని సాక్షి సాళ్లు అంటాడు. కంప్యూటర్లో అంకె మార్చవచ్చు గాని నేలలో మొలవని గింజను ఎవరు మొలిపిస్తారు? 217వ సాలు చూస్తే అరవై ఒకటో తొంభై ఒకటో పది నిమిషాల్లో తేలుతుంది.

ఈ మాట పూర్తి కాకముందే గోవిందమ్మ ఫోను తీసి, ఆళ్లగడ్డ గోడౌన్ల మేనేజరు ఫ్రాన్సిస్‌కు చెప్పేసింది. "సాళ్లు చూసేకి మనోళ్లు వస్తాండారు, గేటు తీసిపెట్టు" అంది. జిలాని చెయ్యి ఎత్తాడు గాని అప్పటికే ఆలస్యమయింది.

అతను ఎవరికీ చెప్పని విషయం ఒకటి ఉంది. ఓబయ్యకు జ్వరమనీ, మంగళవారం నుంచి సొంతూళ్లోనే ఉన్నాడనీ, ఫోను పనిచేయడం లేదనీ ఫ్రాన్సిస్ అందరికీ చెప్పాడు. ఉదయమే జిలాని కొలిమిగుండ్లలో ఉన్న పాత తోటి లైన్‌మన్ ద్వారా ఓబయ్య పల్లెకు కబురు పెట్టించాడు. జ్వరమూ లేదు, ఏమీ లేదు. వారం రోజులు ఇంటి దగ్గర ఉండమని ఫ్రాన్సిసే పంపించాడట. ఆ రోజే, శుక్రవారం ఒంటిగంటకు ల్యాబు దగ్గర కలవమని జిలాని చెప్పించాడు. వస్తానన్నాడు ఓబయ్య.

ఆ కబురు పెట్టినప్పుడు మంచిపనే అనుకున్నాడు. గోవిందమ్మ ఫోను పెట్టేసిన క్షణం నుంచి గోడగడియారం వైపే చూస్తున్నాడు.

మాటలు తెగేసరికి పన్నెండూ నలభై అయింది, అప్పుడు గాని జిలాని, అజయ్ కుమార్ అతని కారులో బయలుదేరలేకపోయారు. తాను వచ్చే దాకా అనిత కంప్యూటరు ముట్టుకోకూడదని అజయ్ షరతు పెట్టాడు. గోవిందమ్మ సరేనంది. దారిలో ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ. శిరివెళ్ల దాటుతుండగా మసీదు నుంచి శుక్రవారం నమాజుకు ముందు చెప్పే ఖుత్బా ప్రసంగం వినిపించింది. ప్రయాణంలో ఉన్నవాడికి ఆ జుమా నమాజు తప్పినా దోషం లేదని జిలానికి తెలుసు. అయినా పెదవులు కదుపుతూనే ఉన్నాడు. కుదుటపడాల్సిన మనసు ఇంకా కలతపడింది. చేతిగడియారం చూశాడు. ఒంటిగంటా పది. ఇంకాస్త తొందరగా పోనియ్యమంటే, వేగం పెంచితే నిజం మారుతుందా అన్నాడు అజయ్.

ఒంటిగంటా ముప్పై ఐదుకు చేరారు. ఆవరణలో అలికిడి లేదు. ఎడమ పక్క ఒకటో గోడౌను, కుడిపక్క రెండోది, మధ్యలో ల్యాబు. ల్యాబుకు తాళం వేసి ఉంది. ఫ్రాన్సిస్ ఒక్కడే ఎదురొచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి. చేతులూ కాళ్లూ అప్పుడే కడుక్కున్నట్టున్నాడు. ప్యాంటు అంచులు మోకాళ్ల దాకా తడి.

ఓబయ్య వచ్చాడా అని జిలాని మామూలుగా అడిగాడు.

"యాడొస్తాడు సామీ, జ్వరంతో పండుకోని ఉంటే. మంగళవారం నుంచి ఈ తాళం తీసిందే లేదు" అన్నాడు ఫ్రాన్సిస్. వాళ్లు కుడిపక్కకు తిరగబోతే అడ్డం వచ్చాడు. "అటు పోవద్దు. రెండో గోడౌన్లో పురుగుకు గ్యాస్ మాత్రలు పెట్టిచ్చినాం. ఒంటిగంటా పదైదుకే సీలేసినాం. మూడు దినాలు తీసేకి లేదు."

తలుపు చుట్టూ అంగుళం సందు లేకుండా గోధుమరంగు టేపు అంటించి ఉంది. మీద పుర్రెబొమ్మ అట్ట.

ల్యాబు వెనక పన్నెండు సాళ్లున్నాయి. జిలాని 217 నంబరున్న నాపరాయి దగ్గర గొంతుక్కూర్చుని లెక్క మొదలుపెట్టాడు. అజయ్ నిలబడే లెక్కపెట్టాడు. ఇద్దరికీ ఒకటే వచ్చింది. తొంభై ఒకటి.

"చూశారా? లాటు మంచిదే. ఎవరో అంకెను సరిచేశారు, అంతే. పద్ధతి తప్పింది గాని మోసం లేదు" అన్నాడు అజయ్. ఊపిరి పీల్చుకున్నట్టే ఉంది గొంతు.

జిలాని లేవలేదు. మొలకలు నాలుగు వేళ్ల ఎత్తున్నాయి. వాటిలో కొన్ని నిటారుగా ఉన్నాయి. కొన్ని మాత్రం తల వాల్చి నేలమీద పడిపోయాయి. వాలిన వాటినే మళ్లీ లెక్కపెట్టాడు. ముప్పై. వాటి చుట్టూ మాత్రమే మట్టి తడిగా ఉంది. ఒకదాన్ని రెండువేళ్లతో పట్టుకుంటే అడ్డు లేకుండా పైకి వచ్చేసింది. వేరు తెగి ఉంది. చివరన 206వ సాలు దగ్గరికి పోయి చూస్తే, రాయి ఉంది గాని సాల్లో సగం మొక్కలు లేవు, గుంతలున్నాయి.

"శనగ మొక్కను పీకి నాటితే బతకదు సారూ. సేద్యం చేసినోడెవ్వడూ ఆ పని చెయ్యడు. రెండు గంటల ముందర ఇక్కడ అరవై ఒకటే ఉన్నాయి. మనం వస్తాండామని తెలిసినాక తొంభై ఒకటైనాయి."

"అరవై ఒకటో తొంభై ఒకటో... మొక్కలు పీకింది ఎవరో మొక్కలు చెప్పవు" అన్నాడు అజయ్. కానీ అతను కూడా ఫ్రాన్సిస్ తడి ప్యాంటు వైపు ఒకసారి చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టు ఫ్రాన్సిస్ గమ్మున నిలబడ్డాడు.

అప్పుడు జిలాని చేతికి తడిమట్టిలో గట్టిగా ఏదో తగిలింది. లాగాడు. కండ్లద్దాలు. కాడలకు నల్లదారం కట్టి ఉంది. ఒక అద్దం పగిలి, మీద చెప్పు ముద్ర పడింది. ఆ దారం కట్టిన అద్దాలు లేకపోతే ఓబయ్య తన చేతివేళ్లు కూడా లెక్కపెట్టుకోలేడని ఉదయమే ఎవరో నవ్వుతూ చెప్పారు. మంగళవారం పడి ఉంటే ఇవి ఎండుమట్టిలో ఉండాలి. ఈ మట్టి ఈ మధ్యాహ్నం తడిసింది.

జిలాని వాటిని అజయ్ అరచేతిలో పెట్టాడు. నెమ్మదిగానే అన్నాడు.

"నేనే పిలిపించినా సారూ ఆయన్ను. ఒంటిగంటకు రమ్మని. వచ్చినాడు. ఇప్పుడు ఆ పాపను కంప్యూటరు ముట్టుకోనియ్యి. లైన్లు ఎన్నుండాయో ఒక్కసారి చూడమను."

అజయ్ ఆ అద్దాలను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత గోవిందమ్మకు ఫోను చేశాడు.

ఈలోగా గేటు దగ్గర అలికిడైంది. వాచ్‌మన్ తౌఫీక్, అతని వెనక నలుగురు హమాలీలు లోపలికి వచ్చారు. అందరి తలల మీదా టోపీలున్నాయి. జుమా చదువుకుని అట్నుంచటే వస్తున్నారు. శుక్రవారం పన్నెండున్నర నుంచి రెండింటి దాకా ఈ ఆవరణలో పని నిలిచిపోతుంది. ఎన్నో ఏళ్లుగా అంతే.

జిలాని వాళ్లకు సలాం చెప్పి, రెండో గోడౌన్లో గ్యాస్ మాత్రలు పెట్టింది ఎవరని అడిగాడు.

తౌఫీక్ అయోమయంగా చూశాడు. "గ్యాసా? ఎవరు పెట్టిరి భాయ్? దానికి ముగ్గురు మనుషులు, మూతికి మాస్కులు కావల్ల. మేమంతా మసీదుకాడ ఉంటిమి. అయినా దాంట్లో సరుకే లేదు గదా. ఖాళీది."

ఫ్రాన్సిస్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

సరిగ్గా అప్పుడే అజయ్ ఫోను మోగింది. అతను స్పీకరు నొక్కి జిలాని ముందు పట్టాడు. అనిత గొంతు గబగబా వినిపించింది. వెబ్‌సైటు పెట్టుకున్న పది లైన్లూ మామూలుగానే ఉన్నాయి. వాటితో సంబంధం లేకుండా పదకొండో లైనొకటి నేరుగా కలిసి ఉంది.

"ల్యాబు నుంచే మామా. ఇప్పుడు కూడా కలిసే ఉంది. 217వ వరుసను పట్టుకోని ఉంది. ఏదో మార్చను మొదలుపెట్టినారు, పాత జాడ చెరిపేకేమో. ఖాయమూ చెయ్యలేదు, రద్దూ చెయ్యలేదు. మధ్యలో వదిలేసినారు. ఆ వరుస ఇంకెవరికీ కదలడం లేదు."

"రిసీవరు ఎత్తి పక్కన పెట్టి లేచిపోయినట్టు."

"అంతే. కదలిక లేక నలభై ఒక్క నిమిషాలైంది."

జిలాని చేతిగడియారం చూశాడు. ఒంటిగంటా యాభై రెండు. అంటే ఒంటిగంటా పదకొండు. మంగళవారం నుంచి తాళం తీయలేదన్న ల్యాబులో ఒంటిగంటా పదకొండుకు ఒక మనిషి కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. చేస్తున్న పని సగంలో ఆపి లేచాడు. ఎందుకు లేస్తాడు? కిటికీలోంచి ఇంకొక మనిషి కనిపించి ఉండాలి. తన సాళ్ల మధ్య నిలబడి, వాలిన మొక్కలను వంగి చూస్తున్న మనిషి. ఒంటిగంటా పదైదుకు ఖాళీ గోడౌనుకు సీలు పడింది.

నాలుగు నిమిషాలు.

అతను పరుగెత్తలేదు. యాభై ఎనిమిదేళ్ల కాళ్లు ఎంత వేగంగా నడవగలవో అంత వేగంగా కుడిపక్కకు నడిచాడు. జేబులోంచి తీగలు చెక్కే పాత కత్తి తీశాడు. వెనక నుంచి ఫ్రాన్సిస్ అరిచాడు.

"తెరవొద్దు సామీ. గ్యాసు. అందరం సస్తాం."

"అయితే లోపల నిజంగానే మాత్రలు పెట్టావు" అన్నాడు అజయ్ కుమార్. అప్పటికే అతను ఫ్రాన్సిస్ చొక్కా కాలరు పట్టుకున్నాడు. తన చొక్కా ఇస్త్రీ మడత నలిగిందా లేదా అని చూసుకోలేదు.

గోడౌన్లకు ఫోను తీగలు లాగిన రోజుల్లో జిలాని ఆ మాత్రల సంగతి విన్నాడు. గాలి పొడిగా ఉంటే అవి విచ్చుకోవడానికి గంట పడుతుందనేవాళ్లు. గంట అయ్యేసరికి రెండుంబావు. ఇంకా ఇరవై మూడు నిమిషాలున్నాయి. ఆ లెక్క నిజమే అయితే. గాలి పొడిగానే ఉంటే. తౌఫీక్‌ను, హమాలీలను దూరంగా, గాలి వచ్చే వైపు నిలబడమన్నాడు. తడిగుడ్డ మూతికి కట్టుకుని కత్తిమొన టేపులోకి దించాడు.

ఫోనులో అనిత ఇంకా పిలుస్తూనే ఉంది. ఏమైంది మామా, ఓబయ్య పెద్దాయన దొరికినాడా అని అడుగుతోంది. ఆమె పక్కన ఎక్కడో బాలమ్మ ప్రార్థన చేసుకుంటున్న గొంతు సన్నగా వినబడుతోంది. వాళ్లిద్దరి బతుకునూ నిలబెట్టగలిగిన ఒకే ఒక్క మనిషి ఈ తలుపు వెనక ఉన్నాడు. అతన్ని ఇక్కడికి రప్పించింది జిలాని. 'యా అల్లా, నా తొందరకు అతన్ని శిక్షించకు' అనుకున్నాడు.

టేపు సగం తెగింది. అతను కత్తి ఆపి ఇనుప తలుపుకు చెవి ఆనించాడు.

లోపల నుంచి ఎవరో తలుపు మీద ఒక్క దెబ్బ కొట్టారు.

రెండో దెబ్బ కోసం జిలాని ఊపిరి బిగబట్టి విన్నాడు. అది రాలేదు.